సంచిలో గంట

మా ఆత్మకూరు నుంచి దోర్నాలకు పోయే దారి నల్లమలను అడ్డంగా దాటుతుంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఆత్మకూరు నంద్యాల జిల్లాలో చేరింది గానీ, నోటికి అలవాటు తప్పక నేనింకా కర్నూలు జిల్లా అనే అంటుంటాను. సైకిలు నేర్చుకున్న ప్రతి కుర్రవాడికీ మా ఊళ్ళో ఆ దారి మీద ఒక కన్ను ఉండేది. బైర్లూటి దాటితే కాళ్ళు విరగ్గొడతానని మా నాయన అనేవారు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి గనుక, యాభై రెండేళ్ళు వచ్చేదాకా నేను ఆ అడవిని బస్సు కిటికీలోంచే చూశాను.

చల్లారిన ఆ కోరికను మళ్ళీ రగిల్చినవాడు అమెరికాలో ఉన్న ఒక మిత్రుడు. అక్కడ యెల్లోస్టోన్ జాతీయోద్యానవనంలో చలికాలపు మంచును రోడ్ల మీంచి తొలగించాక, కార్లను రానిచ్చే ముందు, వసంతంలో కొన్నాళ్ళ పాటు సైకిళ్ళను అనుమతిస్తారట. పడమటి ద్వారం నుంచి మామత్ దాకా కొండల నడుమ పోతుంటే తన ఊపిరీ, చైను చప్పుడూ తప్ప ఇంకేమీ వినపడలేదని రాశాడు. ఎలుగుబంట్ల గురించి కూడా ఏదో రాశాడు గానీ ఆ భాగం నేను శ్రద్ధగా చదవలేదు.

మనకు మంచు లేదు. పులి ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకంలోకి తెచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఆవలి భాగం అమ్రాబాద్ పేరుతో వేరైంది. ఈవలి అడవి గుండా పోయే మా దారిని రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తెరుస్తారు. బండీపూర్‌లో కన్నడిగులు 2009లో రాత్రి రాకపోకలు ఆపినప్పుడు ఎంత గొడవ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చీకటి పడ్డాక అడవిని అడవికి వదిలేయాలన్నదే రెండు చోట్లా సూత్రం.

అంటే, తొమ్మిది గంటల పాటు ఒక్క లారీ కూడా తిరగని కొండదారి మా ఊరి పక్కనే ప్రతి రాత్రీ ఊరికే పడి ఉంటుందన్నమాట! సైకిలు పిచ్చి ఉన్నవాడికి ఇంతకన్నా ఊరింపు ఏముంటుంది? మేము పదకొండుమందిమి కూడి అటవీశాఖకు ఇవ్వడానికి ఒక వినతిపత్రం తయారుచేశాం. నెలకొక ఆదివారం, గేటు ఎత్తడానికి గంట ముందు, సైకిళ్ళను మాత్రం వదలండి అని. సైకిలుకు పొగ లేదు, కళ్ళు చెదరగొట్టే దీపాలు లేవు, అన్నిటికీ మించి అది చప్పుడు చేయదు. ఈ చివరి వాక్యం నాదే. దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

పత్రం పంపే ముందు ఒకసారి పగటిపూట, నియమం ప్రకారమే, దారి చూసిరావడం మర్యాద అనిపించింది. శివరాత్రి వెళ్ళిన వారం బయల్దేరాను.

నిజానికి బండ్లు లేని దారి నల్లమలకు కొత్తేమీ కాదు. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలం పోయే భక్తులు ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కాలినడకన పోతారు. కొండల్లో ఎక్కడానికి మెట్లు కట్టించిన పుణ్యం పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డిది. ఉగాదికైతే కన్నడ దేశం నుంచి వేలమంది వస్తారు, మల్లయ్యను పేరుపెట్టి పిలుస్తూ, కేకలు వేస్తూ, పాడుతూ. చిన్నప్పుడు వాళ్ళకు మజ్జిగ పోసేవాళ్ళం. దేవుడి దగ్గరకు పోయేవాళ్ళకు ఇంత గోల ఎందుకో అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

కొత్త గేర్ల సైకిలుకు ఒక చిన్న గంట ఇచ్చాడు అంగడివాడు. గతుకు వచ్చినప్పుడల్లా అది గణగణమంటూ ప్రాణం తీసేది. నిశ్శబ్దం కోసం పోతూ ఇదొక్కటెందుకని ముందురోజు సాయంత్రం విప్పి సంచిలో పడేశాను. నాలుగు సీసాల నీళ్ళు, రెండు ట్యూబులు, గాలిపంపు, ఇంట్లో కట్టిచ్చిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి. ఇదీ సామాను. మాఘం చివర మా సీమలో ఎండ అప్పుడే కొరడా పట్టుకుని నిలబడి ఉంటుంది. నీళ్ళు ఎన్ని మోస్తే అంత మేలు.

చీకటితోనే బయల్దేరి ఆరింటికి ముందే బైర్లూటి గేటు దగ్గరకు చేరాను. లారీలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు కొందరు పళ్ళు తోముకుంటున్నారు, కొందరు స్టీరింగు మీదే తల వాల్చి నిద్రపోతున్నారు. కాపలాదారు నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూశాడు.

"యాడికి సార్, సైకిల్ మింద?"

"దోర్నాలకు."

"బస్సులు లేవా?"

"ఉన్నాయి."

ఇక దీనికి మందు లేదనుకున్నాడేమో, సలహాలోకి దిగాడు. "అయితే ఒగ పని చెయ్యి సార్. గేటు ఎత్తంగనే దూరొద్దు. ఈ లారీలన్నీ పోనీ. ఆ పక్క దోర్నాల్లో ఇడిసిన బండ్లు నీకు ఎదురొచ్చేదాకా దారి నీదే." అంతలో హ్యాండిలు వంక చూశాడు. "గంట లేదా దీనికి?"

"సంచిలో ఉంది."

"సంచిలో గంట ఎవురికి ఇనపడుతుంది సార్?"

నవ్వేసి ఊరుకున్నాను.

ఆయన చెప్పిన లెక్క ఎంత సరైనదో గేటు ఎత్తిన పావుగంటకు తెలిసింది. రెండు కొసల గేట్లూ ఒకేసారి లేస్తాయి. మన వైపు బండ్లు ఒక్క ఊపున ముందుకు పోతాయి. అటువైపు బండ్లు అడవి మధ్యకు రావాలంటే ఎంత లేదన్నా సమయం పడుతుంది. ఈ రెండు అలల నడుమ దారి ఖాళీ. ఏ వినతిపత్రమూ అక్కర లేకుండా, పట్టపగలు, చట్టబద్ధంగా! ఇది ముందే తెలిసి ఉంటే పదకొండు సంతకాల శ్రమ తప్పేది కదా అనుకున్నాను.

ఆ ఖాళీ దారి గురించి ఎంత రాసినా తక్కువే. టేకు ఆకులు రాలి దారి పక్కన గోధుమరంగు తివాసీ పరిచినట్లున్నాయి. మోదుగలు ఆకులన్నీ వదిలేసి నిలువెల్లా ఎర్రగా పూశాయి. నల్లమద్ది మానుల బెరడు మొసలి వీపులా పగిలి ఉంది. లారీల పొగ వాసన విరిగి, రాత్రంతా చల్లారిన మట్టి వాసన పైకి వచ్చింది. ఎండుటాకుల మీద నెమలి నడిస్తే మనిషి నడిచినంత చప్పుడవుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఒక మలుపులో చుక్కల జింకల మంద నేను పదడుగుల దగ్గరకు వచ్చేదాకా తలెత్తలేదు. ఎత్తాక ఒక్కసారిగా చెదిరిపోయాయి. వాటిలో ఒక పిల్ల తల్లి పోయిన వైపు గాక రోడ్డుకు ఇటువైపు ఉండిపోయింది. అది దాటడానికి రెండుసార్లు ప్రయత్నించి, నన్ను చూసి రెండుసార్లూ వెనక్కి తగ్గింది. నేను వెళ్ళిపోతేగాని దానికి దారి లేదు. వెళ్ళిపోయాను. అప్పటికింకా నేను ఉత్సాహంలోనే ఉన్నాను.

రోళ్ళపెంట ఇంకా రాలేదు. (పెంట అంటే చెంచుల ఆవాసం. పట్నంవాళ్ళు ఈ పేరు విని నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.) పల్లపు దారి, పెడలు తొక్కే పని లేదు. ఎక్కడినుంచో ఉస్సు... ఉస్సు... అని గాలి పోతున్న చప్పుడు. పంచరే అనుకున్నాను. తల వంచి ముందు చక్రం చూశాను, బాగానే ఉంది. వెనక్కి తిరిగి వెనక చక్రం చూశాను, అదీ బాగానే ఉంది. చప్పుడు మాత్రం పెద్దదవుతోంది, కొలిమి తిత్తి ఊదుతున్నట్టు. తలెత్తాను.

పాతిక ముప్పై అడుగుల దూరంలో, రోడ్డు అంచున ఉన్న పుట్టలో మూతి దూర్చి, ఎలుగుబంటి చెదలు పీల్చుకుంటోంది.

బ్రేకులు రెండూ ఒకేసారి పట్టాను. అవి కీచుమన్నాయి. దానికి నా రాక తెలిసింది ఆ కీచుతోనే. వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. గుండెల మీద తెల్లని వంకీ స్పష్టంగా కనిపించింది, అంటే ఎంత దగ్గర ఉన్నానో ఊహించుకోండి. ఒక అరుపు అరిచింది. ఆ అరుపులో కోపం కన్నా భయమే ఎక్కువని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు అంత వివేచన నాలో లేదు. సైకిలును నాకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకుని కట్టెలా నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అది నాలుగు కాళ్ళ మీదికి దిగి, వెదురుపొదను విరగదొక్కుకుంటూ లోపలికి పోయింది. ఆ వెదుళ్ళు విరిగే చప్పుడు చాలాసేపటి దాకా వినపడుతూనే ఉంది.

కాళ్ళు వణికి అక్కడే చతికిలబడ్డాను. అప్పుడు దూరాన, దోర్నాల వైపు నుంచి, లారీ హారను మోగింది. ఎవరి నుంచి తప్పించుకోవాలని ఇంత దూరం వచ్చానో వాళ్ళ హారను నా చెవికి మంగళవాద్యంలా వినపడింది. డ్రైవరు ఆపి, "పడినావా అన్నా?" అన్నాడు. లేదన్నాను. "ఈడ కూర్చోగూడదు, లెయ్యి" అని నేను లేచేదాకా కదల్లేదు.

ఎలుగు ఎదురయ్యే జోలికి రాదు, ఉన్నట్టుండి మీద పడ్డట్టు కనిపిస్తేనే తిరగబడుతుంది అని అడవి ఎరిగినవాళ్ళంతా అంటారు. లారీ వస్తోందని దానికి అర కిలోమీటరు ముందే తెలుస్తుంది. ఉగాది భక్తులు వస్తున్నారనీ తెలుస్తుంది. నేనొక్కణ్ణే దొంగలా వచ్చాను. మసక చీకట్లో, అయిదు గంటలకు, ఒకరి వెనక ఒకరు పదకొండుమందిమి అదే పల్లంలో జారుతూ రావడాన్ని ఊహించుకున్నాను. "సైకిలు చప్పుడు చేయదు." నా వాక్యమే. అదే మా బలమని ఎంత మురిసిపోయాను!

సంచి బోర్లించి గంట వెతికి తీశాను. స్క్రూ బిగించడానికి పానా తేలేదు, రూపాయి బిళ్ళ పనిచేసింది. అక్కడినుంచి ప్రతి మలుపులో, ప్రతి పల్లంలో కొట్టుకుంటూ పోయాను. జింకలు ఇంకెక్కడా కనపడలేదు. కొమ్మల్లోంచి కొండముచ్చులు మాత్రం, ఈ పిచ్చివాడెవడన్నట్టు చూశాయి.

రోళ్ళపెంట దాటాక సిగ్నలు దొరికినచోట, పత్రంలో మొదటి సంతకం చేసిన మిత్రుడికి ఫోను చేసి, దాన్ని పంపవద్దని చెప్పాను. కారణం అడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మిగతా తొమ్మిదిమందికి నువ్వే చెప్పు" అన్నాడు.

ఎండ నెత్తికెక్కే వేళకు దోర్నాల చేరాను. టీకొట్టు ముందు సైకిలు ఆపుతుంటే కొట్టతను బయటకు వచ్చి, "దారికి ఎవరూ అడ్డం లేరు గదండీ, ఎవరి కోసం ఆ గంట?" అని అడిగాడు. చూసుకుంటే, నా బొటనవేలు ఇంకా దాని మీదే ఉంది.