పేరు మాది, పెత్తనం ఎవరిది?

ఏజెన్సీలో పుట్టినవాళ్లకు బినామీ అనే మాట ఒకరు నేర్పనక్కర్లేదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అయినా పట్టా మా పేరున, పంట మరొకరి ఇంట ఉన్న ఎకరాలు మా పెద్దలకు తెలుసు. ఇసుక సొసైటీల్లోనూ ఇదే చూశాం. సభ్యులం మేము. పొక్లెయిన్లు, పెట్టుబడి, లెక్కల పుస్తకం బయటివాళ్లవి.

ఇలాంటి మోసానికి ఆస్ట్రేలియాలోనూ ఒక పేరుంది. బ్లాక్ క్లాడింగ్ అంటారు. ఆదివాసి పేరును పైన తొడుక్కుని లోపల మరొకరు వ్యాపారం చేయడమన్నమాట.

అక్కడి ఆబొరిజినల్ ప్రజల భూములు పోయాయి. వాళ్లు చేసిన పనికి రావలసిన కూలిని కూడా చాలాకాలం ప్రభుత్వాలే తమ దగ్గర పట్టి ఉంచుకున్నాయి. అలాంటి దేశంలో కేంద్ర ప్రభుత్వం 2015 జూలై 1 నుంచి ఒక కొనుగోలు విధానం పెట్టింది. తాను ఇచ్చే కాంట్రాక్టుల్లో 3 శాతం ఆదివాసుల వ్యాపారాలకు దక్కాలన్నది లక్ష్యం. 80 వేల నుంచి 2 లక్షల డాలర్ల మధ్య ఉండే పనులకు, మారుమూల ప్రాంతాల పనులకు ముందుగా ఆదివాసి వ్యాపారులనే చూడాలి. ఇది సాయం కాదు, బేరం. పని చేసి బిల్లు తీసుకోవడం. అందుకే మాకు నచ్చింది.

తర్వాత ఒక లోపం బయటపడింది. కాంట్రాక్టుల సంఖ్య చూస్తే లక్ష్యం నిండినట్టే కనిపిస్తుంది, చిన్న చిన్న పనులిచ్చినా సరిపోతుంది. దాంతో డబ్బు విలువకూ లక్ష్యం పెట్టారు. సగం వాటా ఉంటే చాలనే నిబంధన కూడా బినామీలకు దారి ఇచ్చింది. సగం చాలదు, 51 శాతం ఉండాలన్న మార్పును 2025లో ప్రకటించారు.

మన దేశంలోనూ ఇలాంటి విధానం ఉంది. 2012 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి జరపాలి. 51 శాతం వాటా నియమం ఇక్కడ ముందే ఉంది. అయితే ఆ 4 శాతం ఎస్సీలకూ ఎస్టీలకూ కలిపి. మాకంటూ విడిగా లేదు. మా వాళ్లు టెండరు వేయకపోయినా, అతి తక్కువ ధరకు దిగలేకపోయినా ఆ వాటాను ఇతర చిన్న పరిశ్రమలతో నింపుకోవచ్చు. తలుపు తెరిచారు గానీ గడప ఎత్తుగానే ఉంచారు.

51 అనేది కాగితం మీది అంకె. చేతిలో పెట్టుబడి లేనివాడు, బిల్లు ఆరు నెలలకు వస్తే అప్పటిదాకా కూలీలకు ఏమిస్తాడు? షావుకారు దగ్గరికి వెళ్తాడు. డబ్బు పెట్టినవాడే యజమాని అవుతాడు. బినామీ మా స్వభావంలో లేదు, ఈ ఖాళీలోంచి పుడుతోంది.

అందుకే మేము అడిగేది వాటా ఒక్కటే కాదు. ఎస్టీలకు విడిగా శాతం కావాలి. పని మొదలుకాకముందే బ్యాంకు పెట్టుబడి, పని అయిన నెలలోపు బిల్లు అందాలి. కుల ధ్రువపత్రం చూసే అధికారి చెక్కుల మీద సంతకం ఎవరిదో, యంత్రం ఎవరిదో, లాభం ఏ ఇంటికి చేరిందో కూడా చూడాలి. మా పిల్లలు టెండరు కాగితాన్ని చివరిదాకా చదివి, అందులోని ధరను తామే లెక్కగట్టి సంతకం పెట్టిన రోజున ఆ వ్యాపారం మాదవుతుంది.