పదో ఉమైబో

డల్లాస్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో మూడు ఇండియన్ స్టోర్లున్నాయి. చేగోడీలు, కాజాలు, పూతరేకులు, గోంగూర పచ్చడి... అన్నీ దొరుకుతాయి. అయినా శనివారం పొద్దున్నే నేను కారు తీసేది వాటి కోసం కాదు. ప్లానోలో ఉన్న జపనీస్ సూపర్‌మార్కెట్‌కి వెళ్లడానికి. మొక్కజొన్నతో చేసే, వేలెడంత పొడుగున్న ఒక పఫ్ కోసం!

"అమెరికాలో కూర్చుని జపాన్ చిరుతిళ్లు వెతుక్కోవడమేంటే నీకు?" అని తణుకు నుంచి అమ్మ ఫోన్‌లో నవ్వుతుంది. నవ్వదూ మరి! టోక్యోలో ఉన్న నాలుగేళ్లూ ఆవిడ చేత జంతికలు పార్శిల్ చేయించుకుని, అవి పొడి పొడిగా చేరాయని ఏడ్చింది నేనేగా.

2018లో మా ఆయన ఉద్యోగం కోసం టోక్యో వెళ్లాం. ఇల్లు నిషి కసాయ్‌లో. మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే పేట అది. పాపకి అప్పటికి ఏడాదే.

డోరేమాన్ చూస్తూ పెరిగినవాళ్లకి డోరా కేక్ గురించి చెప్పక్కర్లేదు. దాని అసలు పేరు డొరయాకి. మొదటిసారి కొరికినప్పుడు నాకేమనిపించిందో తెలుసా? 'ఇది పూర్ణమే, యాలకులు వేయడం మర్చిపోయారు' అని. నిజంగా అంతే. అజుకి అని చిన్న ఎర్ర గింజలుంటాయి. వాటిని మెత్తగా ఉడికించి, చక్కెర వేసి దగ్గరపడేదాకా కలుపుతారు. ఆ ముద్ద పేరు ఆంకో. రెండు చిన్న పాన్‌కేకుల మధ్య అది పెడితే డొరయాకి. మొదట్లో చప్పగా అనిపించింది. రెండో ఏడాదికి మన స్వీట్లే మరీ తియ్యగా అనిపించడం మొదలైంది (ఈ మాట అమ్మకి చెప్పలేదు). మోచీల మీద చల్లే కినాకో పొడి మాత్రం తొలిరోజే నచ్చింది. సోయా గింజలు వేయించి చేసిన పిండి. డబ్బా మూత తీస్తే సున్నుండలు చేసేరోజు మా వంటిల్లే.

పాప లోకం వేరు. దానికి ఉమైబో ఒక్కటి చాలు. నేను మొదట్లో చెప్పిన పఫ్ అదే. చీజ్, కార్న్ సూప్, ఇంకా బోలెడు రుచులు. 1979లో వచ్చినప్పటి నుంచీ 10 యెన్లే. అక్కడి పిల్లలు డబ్బు లెక్క నేర్చుకునేది ఇలాంటి చవక చిరుతిళ్లతోనే. దగాషి అంటారు వీటిని.

నాలుగేళ్లు నిండాక పాప చేతికి 100 యెన్ల నాణెం ఇచ్చి సూపర్‌మార్కెట్‌లో నేను రెండడుగులు వెనక నిలబడేదాన్ని. తను పది ఉమైబోలు ఏరుకుని కౌంటర్‌కి వెళ్లేది. తిండి వస్తువుల మీద 8 శాతం పన్ను ఉందక్కడ. 108 యెన్లు! అంటే పదోది వెనక్కి పెట్టాలి. ఏది వదులుకోవాలో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు. తొమ్మిదింటికి 97 పోగా మిగిలిన 3 యెన్లు గుప్పెట్లో బిగించి, కౌంటర్ ఆవిడతో జపనీస్‌లో ఒకటే కబుర్లు. నాకు సగం అర్థమయ్యేవి కావు. డేకేర్ టీచర్ చెప్పింది నాకు తెలుగులో చెప్పేది కూడా ఈ బుడతే.

2022 మార్చిలో టోక్యో వదిలాం. సరిగ్గా తర్వాతి నెలలో ఉమైబో 12 యెన్లయింది. నలభై ఏళ్లు దాటినా కదలని ధర, మేం బయల్దేరాకే కదిలింది. 2024 అక్టోబర్‌లో 15 చేశారట.

డల్లాస్ వచ్చిన కొత్తలో పాప స్కూల్లో నోరు విప్పేది కాదు. ఇంటికొచ్చి బ్యాగ్ పడేసి "ఉమైబో" అనేది. అలా మొదలైంది నా వేట. ఇండియన్ స్టోర్‌లో లేదు. కొరియన్ స్టోర్‌లో పాకీ దొరికింది, ఉమైబో లేదు. చివరికి ప్లానోలో మిత్సువా. టయోటా వాళ్లు 2017లో తమ ఉత్తర అమెరికా హెడ్ ఆఫీస్‌ని ప్లానోకి మార్చారు. వాళ్లతో పాటు జపాన్ కుటుంబాలూ వచ్చాయి. ఆ పుణ్యం మాకూ కాస్త దక్కింది.

అక్కడ తెలిసినవాళ్లే వేరే పేర్లతో కనిపించారు. మేం తాగిన కల్పిస్ ఇక్కడ కల్పికో. పుట్టగొడుగు ఆకారంలో ఉండే చాక్లెట్ బిస్కెట్, అక్కడ కినోకో నో యామా, ఇక్కడ చోకోరూమ్స్. మా ఆయన పేరు కూడా ఆఫీసులో రెండక్షరాలైపోయింది లెండి.

ఫ్రీజర్‌లో దైఫుకు కూడా దొరికింది. ఆంకో పెట్టిన మోచీ అన్నమాట. టోక్యోలో పొద్దున చేసింది సాయంత్రానికి తినెయ్యమనేవారు. నేను తెలివిగా మామూలు ఫ్రిజ్‌లోకి మార్చి దాచా. మర్నాటికి రాయి! రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది చూడండి, ఇదీ అంతే. అదీ బియ్యమేగా.

రెండో ఏడాది ఎప్పుడో పాప ఉమైబో అడగడం మానేసింది. ఎప్పుడని నేను గమనించనేలేదు. ఫ్రెండ్స్ తినే ఎర్రెర్రని మసాలా చిప్స్ కావాలిప్పుడు. టోక్యో డేకేర్ ఫ్రెండ్‌తో వీడియో కాల్ పెడితే ఇద్దరూ బొమ్మలు చూపించుకుని ఊరుకున్నారు. ఒకరోజు అల్మరాలో డేట్ దాటిపోయిన ప్యాకెట్ దొరికింది. నేను మాత్రం శనివారాలు ఆపలేదు.

పోయినేడు మిత్సువాలో ఉమైబో కవర్ చూపించి చదవమన్నా. ఒకప్పుడు గడగడా చదివేది. "ఉ..." అంది. ఆగింది. "గుర్తులేదమ్మా" అనేసి ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయింది. దానికేం బాధ లేదు. నేనే ధరలు చూస్తున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడిపోయాను. మా ఇంట్లో ఆ భాష నిజంగా వచ్చింది తనొక్కదానికే. నాకొచ్చింది కూరగాయల బేరానికి సరిపోయేంత. తను మర్చిపోతే ఇక ఇంట్లో లేనట్టే. ఇన్నాళ్లూ పాప కోసమని తిరిగానా? కాదేమో.

ఈ ఫిబ్రవరి మొదట్లో సెత్సుబున్ వచ్చింది. వేయించిన సోయా గింజలు విసిరి దెయ్యాన్ని తరిమే పండగ. తర్వాత ఎన్నేళ్లుంటే అన్ని గింజలు తినాలి. నేను వెళ్లేసరికి మిత్సువాలో గింజలు అయిపోయాయి. ఇండియన్ స్టోర్‌లో వేయించిన శనగలు కొన్నా. మా ఆయన కాగితం మాస్క్ పెట్టుకుని దెయ్యమయ్యాడు. పాప గురి చూసి మరీ కొట్టింది, సోఫా కిందంతా శనగలే.

"నీకు ఎనిమిది" అని గిన్నె ముందు పెట్టా. అరచేతిలో వేసుకుంటూ లెక్క మొదలుపెట్టింది. "ఇచి, ని, సాన్, షి, గో..." ఆగింది. రోకు అని నాకు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

"సిక్స్, సెవెన్, ఎయిట్" అని నోట్లో పోసేసుకుంది.

"నీకెన్నమ్మా?"

"ముప్ఫై నాలుగు."

"అన్నా!" అంటూ గిన్నె దగ్గరికి లాక్కుని, నా కోసం మళ్లీ ఇచి నుంచి మొదలుపెట్టింది.