సకినాలతో కోనసీమకు

కారు డిక్కీలో సగం చోటు సకినాలకే పోయింది. హనుమకొండ నుంచి మా అమ్మ రెండు పెద్ద స్టీలు డబ్బాలు పంపింది. ఒకటి వియ్యాలవారింటికి, రెండోది వాళ్ళ వీధిలో పంచడానికి. కొత్త బియ్యం రాత్రంతా నానబోసి, తడిపిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు కలిపి, వాడకట్టు ఆడవాళ్ళంతా కూర్చొని తెల్లబట్ట మీద వేళ్ళతో చుట్లు చుట్లుగా అల్లుతారు. తడి కాస్త ఆరాక నూనెలో వేస్తారు. మా దిక్కు సంక్రాంతి అంటే ఇదే. "అరిసెలు వాళ్ళకు మనమేం చూపిస్తం బిడ్డా, మన సకినాలు తిని చూడమను" అంది అమ్మ ఫోన్లో. ఆ మాట విని మా ఆవిడ డబ్బాల చుట్టూ దుప్పటి చుట్టింది, దారిలో ఒక్కటి కూడా విరగకూడదని.

పెళ్ళయ్యాక మాకిది మొదటి సంక్రాంతి. తనది కోనసీమలో గంగలకుర్రు. కాపురం హైదరాబాదులో, నిజాంపేటలో ఒక అద్దె ఫ్లాటు. ఇద్దరికీ ఉద్యోగాలే. పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్ళే కుక్కరు పెడతారు. రాత్రి ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్ళే కూర తరుగుతారు. నేను పచ్చిపులుసు చేస్తే తను ఇంత బెల్లం ముక్క వేయమంటుంది. పనసపొట్టు దొరికిన రోజు కూకట్‌పల్లి రైతుబజారు నుంచే ఫోన్ చేస్తుంది. మామూలు రోజులకు ఇద్దరం తొందరగానే అలవాటుపడ్డాం. పండగలు అలా కాదు. ఒకరి పండగ ఇంకొకరికి చెబితే అర్థమయ్యేది కాదని ఈ ఏడాదిలోనే తెలిసింది.

ఆషాఢం రాగానే రెండు వైపుల పెద్దలూ ఒకే మాట అన్నారు, కొత్త జంట ఒకచోట ఉండకూడదని. ఆ నెలలో కడుపు పండితే కాన్పు ఎండాకాలంలో వస్తుందని వాళ్ళ లెక్క. తను లాప్‌టాప్ తీసుకొని పుట్టింటికి వెళ్ళి అక్కడి నుంచే ఉద్యోగం చేసింది. నేను రోజూ ఫోన్లోనే అన్నం తిన్నావా అని అడిగాను. ఆ నెల ఇద్దరికీ కష్టంగానే గడిచింది. పెళ్ళయిన ఆరు నెలల్లోపే ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటం నేర్పిన నెల కనుక అదంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

ఎంగిలిపూల నాడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర తను మొదటిసారి బతుకమ్మను ఎత్తుకుంది. తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరుసలుగా పేర్చి మా మేనత్తలు తన చేతుల్లో పెట్టారు. అడుగు ఎటు వేయాలో, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియక మొదటి రెండు చుట్లు తడబడింది. మూడో చుట్టుకు మా మేనత్తల మధ్యన కలిసిపోయింది. సద్దుల బతుకమ్మ అయిన పది రోజులకే అట్లతద్ది వచ్చింది. ఈసారి నేర్చుకోవడం నా వంతు. ముందు రాత్రి గోరింటాకు పెట్టుకొని, తెల్లవారుజామునే లేచి, చీకటి ఉండగానే గోంగూర పచ్చడితో చద్దన్నం, పెరుగన్నం తిని ఉపవాసం మొదలుపెట్టింది. సాయంత్రం అట్లు నేనే పోశాను. అపార్ట్‌మెంటు డాబా మీద చంద్రుడు కనిపించాక వాయనం ఇచ్చింది. అప్పుడే అంది, "సంక్రాంతికి మా ఊరొస్తే ఇంకా చూపిస్తానండీ, ప్రభలు." ఎలా ఉంటాయని అడిగితే, "చెప్పలేను, చూడాలి" అంది.

రాత్రి భోంచేసి బయల్దేరాం. చౌటుప్పల్ దాటక ముందే, పంతంగి టోల్ దగ్గర బళ్ళన్నీ నిలిచిపోయి ఉన్నాయి. సంక్రాంతి ముందు విజయవాడ దారి ఏటా ఇలాగే ఉంటుంది. పక్క కారులో చిన్నపిల్లలు నిద్రబట్టల్లోనే వెనక సీటులో అడ్డంగా పడుకున్నారు. బైకు మీద ఒక జంట, మధ్యలో బ్యాగు, హ్యాండిల్‌కు గాలిపటాల చరఖా. ఎవరూ విసుక్కోవడం లేదు. ఊరికి వెళ్తున్నామన్న సంతోషం అందరి ముఖాల్లోనూ ఉంది. సూర్యాపేటలో టీ తాగి, కోదాడ దాటి, తెల్లవారేసరికి ఇంద్రకీలాద్రి దీపాలు చూశాం. ఏలూరు దాటాక పొగమంచు. తాడేపల్లిగూడెం, తణుకు మెల్లగా గడిచాయి.

సిద్ధాంతం వంతెన ఎక్కగానే తను నిద్ర లేచింది. కారు నెమ్మది చేయించి, అద్దం దించి, రూపాయి బిళ్ళ నదిలోకి వేసి దండం పెట్టుకుంది. కింద వశిష్ఠ గోదావరి. నాకు మంథని గుర్తొచ్చింది. అది మా అమ్మమ్మ ఊరు. చిన్నప్పుడు మునిగింది ఈ నీళ్ళలోనే. కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం తాకుతూ భద్రాచలం మీదుగా దిగిన గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి కిందికి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య భూమే కోనసీమ. ఆర్థర్ కాటన్ 1852 నాటికి ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించాక కాలువలు పారి ఈ నేల పచ్చబడింది. ఇక్కడి పెద్దవాళ్ళు ఆయన పేరు ఇంట్లో మనిషి పేరులాగే తలుచుకుంటారు. మా వైపు నుంచి వచ్చిన నది మీదే తన ఊరు నిలబడి ఉందన్న సంగతి పుస్తకాల్లో చదివినప్పుడు ఏమీ అనిపించలేదు. ఆ వంతెన మీద అనిపించింది.

రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా రోడ్డు పక్కన కాలువ, కాలువ పక్కన కొబ్బరి, కొబ్బరి నీడన అరటి. ముక్కామల దాటాక ఒక ఇంటి అరుగు మీద వెదురు బద్దలు, రంగుల నూలు చుట్టలు కనిపించాయి. "ప్రభలకేనండీ అవి" అని తను చూపించేలోపే కారు ముందుకు వెళ్ళిపోయింది.

భోగి తెల్లవారుజామున వీధి మధ్యలో మంట వేశారు. మా బావమరిది పిల్లలతో చేయించిన పిడకల దండల్లో నా చేత కూడా ఒకటి వేయించారు. తలంటు, కొత్తబట్టలు. సాయంత్రం పక్కింటి పాపకు రేగుపళ్ళు, చిల్లర, చెరకు ముక్కలు, పూలరేకులు కలిపి భోగిపళ్ళు పోశారు. సంక్రాంతి నాడు మామగారు పంచెలచాపు పెట్టి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. అత్తగారు అరిసెలు, పాకుండలు, సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు ఒకదాని తరువాత ఒకటి వడ్డిస్తూనే ఉన్నారు. బోర్లించిన వేడి కుండ మీద పలచటి బియ్యప్పిండి జారు పూసి, కాగితం కంటే పలచగా రేకు తీసే ఆ విద్యకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అత్తగారికి ఆ మాట చెబితే, "గుర్తింపేంటి బాబూ, మీరింకోటి తినండి" అన్నారు.

అమ్మ పంపిన రెండో డబ్బా వీధంతా తిరిగింది. ఎదురింటి పెద్దావిడ ఒక సకినం చేతిలోకి తీసుకొని చాలాసేపు తిప్పి చూసింది. "ఇవి గొట్టంతో తిప్పినవి కావండీ, చేత్తో అల్లినవి" అంది. నమిలి చూసి, "ఆయ్, నువ్వులు బాగా పడ్డాయండీ" అని మెచ్చుకుంది. ఆ ముక్క ఫోన్లో చెబితే అమ్మ ఎంత సంతోషపడిందో. కోడిపందాల బరుల వైపు నేను పోలేదు. కాళ్ళకు కత్తులు కట్టిన కోళ్ళను నేను చూడలేను.

కనుమ నాడు జగ్గన్నతోట. మొసలపల్లి పక్కన ఉన్న కొబ్బరితోట అది. అక్కడ గుడి లేదు, విగ్రహం లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు ఏకాదశ రుద్రులుగా ఆ ఒక్కరోజు ప్రభల మీద వచ్చి అక్కడ కలుస్తారు. వ్యాఘ్రేశ్వరం, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పుల్లేటికుర్రు. నాలుగు వందల ఏళ్ళ పైమాట అని ఊళ్ళో చెబుతారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే.

పొద్దున్నే గంగలకుర్రు గుడి దగ్గరికి వెళ్తే ఊరి ప్రభ సిద్ధంగా ఉంది. తాటి, వెదురు కట్టిన ఎత్తయిన అర్ధచంద్రం. దాని నిండా రంగుల నూలు, కొత్త వస్త్రాలు, నెమలి పింఛాలు, వరి కంకులు, గంటలు. మధ్యలో స్వామి. దానికి చక్రాలుండవు, మోసేది మనుషులే. రోజూ పొలంలోనో, బడిలోనో, దుబాయి ఉద్యోగంలోనో ఉండేవాళ్ళు ఆ పూట ఒకే బొంగు కింద నిలబడతారు. "శరభా" అని ఒక గొంతు మొదలుపెడితే "శరభా" అని ఊరంతా అందుకుంది. ప్రభ లేచింది. నా పక్కన మామగారు కళ్ళు తుడుచుకున్నారు. నడుము నొప్పితో ఈ ఏడు ఆయన మోయలేకపోయారు.

"అల్లుడుగారూ, మీరు భుజం పెట్టండి" అన్నారు.

"నేనా మామయ్యా? ఊరివాళ్ళు..."

"మా ఊరి అల్లుడంటే ఊరివాడేనండీ. రండి."

పక్కన ఉన్న కుర్రాడు జరిగి చోటిచ్చాడు. తువ్వాలు మడిచి నా భుజం మీద వేశాడు. బరువు మొదట భుజం మీద కాదు, మోకాళ్ళ మీద తెలిసింది. ముందు ఎవరు నడుస్తున్నారో కనిపించదు. వెనకవాళ్ళ ఊపిరి మెడ మీద తగులుతుంది. అడుగు మన ఇష్టం కాదు, ప్రభ ఎటు ఒరిగితే అటు అందరూ సర్దుకోవాలి. గట్టు దాటి పొలంలో దిగాం. దాళ్వా నాట్లు పడిన మడి. పచ్చని నారు మా పాదాల కింద బురదలోకి పోతుంటే నాకు ప్రాణం కొట్టుకుంది. ఆ మడి రైతు గట్టు మీదే నిలబడి, నారు తొక్కేవాళ్ళకే చేతులెత్తి దండం పెడుతున్నాడు. స్వామి నడిచిన చేను బాగా పండుతుందని వాళ్ళ నమ్మకం. మా తాతల కాలం నుంచి చెరువు కిందా బావి కిందా సాగు చేసినవాళ్ళం. ప్రతి మొక్క విలువ తెలిసి కూడా దాన్ని దేవుడి దారికి వదలగలిగిన ఆ మనిషిని నేను మర్చిపోలేను.

ఎగువ కౌశిక అనే కాలువ దగ్గరికి వచ్చాక కుర్రాడు నా భుజం తట్టి, "ఇక్కడి నుంచి మాకొదిలెయ్యండి బావగారూ" అన్నాడు. కాలువలో దిగేది అలవాటున్నవాళ్ళే. నేను గట్టెక్కి మా ఆవిడ పక్కన నిలబడ్డాను. నా చొక్కా భుజం దగ్గర నలిగిపోయింది. తను ఏమీ అనలేదు, ఆ నలిగిన చోట చెయ్యి వేసి ఉంచింది.

నీళ్ళు మోసేవాళ్ళ రొమ్ముల దాకా వచ్చాయి. ప్రభ ఒకసారి బాగా పక్కకు ఒరిగింది. గట్టు మీద వేలమంది ఒక్క గొంతుతో శరభా అన్నారు. తాళ్ళు పట్టినవాళ్ళు వెనక్కి గుంజారు. ప్రభ నిలదొక్కుకుంది. నీళ్ళలో ఒక్కో అడుగూ వెతుక్కుంటూ నడిచి అవతలి గట్టెక్కింది. వెనకే అగ్రహారం వీరేశ్వరుడి ప్రభ దిగింది. ఆరేళ్ళ వయసులో నాన్న భుజాల మీద కూర్చొని మొదటిసారి ఇది చూశానని తను చెప్పింది. ఆ రోజు నాన్న ప్రభ మోయకుండా తనను మోశాడట.

తోటలో ప్రభలన్నీ వరుసగా నిలిచాయి. ఆతిథ్యం మొసలపల్లి భోగేశ్వరుడిది, అధ్యక్షత వ్యాఘ్రేశ్వరుడిది. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలను మోసుకొచ్చినవాళ్ళు ఒక్కసారి పైకి లేపారు, పెద్దవాడొస్తే లేచి నిలబడినట్టు. ఇన్ని ఊళ్ళ మనుషులు, ఇన్ని ఇళ్ళ వాళ్ళు తమ దేవుణ్ణి తామే మోసుకొచ్చి ఇంకొక ఊరి దేవుడికి మర్యాద చేయడం చూసి నాకు గొంతు పూడుకుపోయింది. కొట్ల దగ్గర జీళ్ళు, ఖర్జూరాలు కొని, చీకటి పడ్డాక గట్ల మీదుగా ఇంటికి నడిచాం. రాత్రి గారెలు, కోడికూర.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కనుక ముక్కనుమ కూడా గడిపి బయల్దేరాం. సకినాల డబ్బాల్లో అరిసెలు నిండాయి. ఖాళీ డబ్బా తిరిగి పంపే అలవాటు ఏ వైపూ లేదు. కోదాడ దగ్గర ఆగినప్పుడు అమ్మ ఫోన్ చేసింది. ఈ మాఘ పౌర్ణమికి మేడారం జాతర ఉంది, కోడలి పేరున నిలువెత్తు బంగారం మొక్కుకున్నానని చెప్పింది. బంగారమంటే బెల్లమని, మనిషి బరువుకు సరిగా తూచి సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తారని నేను చెప్పాను. తను వెంటనే ప్రశ్నలు మొదలుపెట్టింది. అడవిలో ఎంత దూరం నడవాలి, గద్దె మీదికి అమ్మవారిని ఎప్పుడు తెస్తారు, ఎవరు తెస్తారు, జంపన్నవాగులో నీళ్ళెంత లోతు ఉంటాయి. తెలిసినవన్నీ చెబుతూ చౌటుప్పల్ దాకా వచ్చేశాం.