కిటికీ అవతల అమ్మ

సియాటిల్ నుంచి లేక్ వాషింగ్టన్ మీది తేలే వంతెన దాటితే... అవతలి ఒడ్డున కిర్క్‌లాండ్. పడవలు, పార్కులు, పక్కనే రెడ్మండ్‌లో మైక్రోసాఫ్ట్! సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన మన తెలుగువాళ్లకూ పరిచయమైన చోటే.

2020 ఫిబ్రవరి 29న ఈ ఊరి పేరు అమెరికా అంతా మారుమోగింది. ఇక్కడి లైఫ్ కేర్ సెంటర్ అనే వృద్ధుల సంరక్షణ కేంద్రంలో కొవిడ్ బయటపడింది. మార్చి 18 నాటికి దాంతో ముడిపడిన కేసులు 167. అందులో ఉంటున్నవారు 101 మంది, సిబ్బంది 50, చూడటానికి వచ్చినవారు 16. ఇక లోపలికి ఎవరూ రావద్దన్నారు. పిల్లలు కిటికీ బయట నిలబడి, ఫోన్ చెవికి ఆనించుకుని, అద్దం అవతలున్న అమ్మతో మాట్లాడారు.

నిపుణులు ఆరా తీస్తే తేలినవి చిన్న విషయాలే. ఒంట్లో బాగాలేకున్నా డ్యూటీకి వచ్చినవారు, రెండేసి చోట్ల పనిచేసేవారు, మాస్కూ గౌనూ సరిగ్గా వాడటం తెలియనివారు. చేతులకు రాసుకునే శానిటైజర్‌కూ కొరతే. సెలవు పెడితే జీతం పోతుందనుకునే మనిషి జ్వరం దాచుకుంటే తప్పెవరిది?

అదే కౌంటీలోని మరో కేంద్రంలో అందరికీ పరీక్షలు చేశారు. వైరస్ ఉందని తేలిన 48 మంది వృద్ధుల్లో 27 మందికి ఆ రోజున దగ్గూ లేదు, జ్వరమూ లేదు! లక్షణాలున్నవాళ్లను వేరుచేస్తే చాలనుకున్న లెక్క అక్కడే తప్పింది. అందరికీ పరీక్షలు, సిబ్బందికి డ్యూటీ ఆసాంతం మాస్కు... ఆ తర్వాత వచ్చినవే. టీకా లైఫ్ కేర్ సెంటర్ తలుపు తట్టేసరికి 2020 డిసెంబరు!