నా చెవి మిషన్ – నేను దాచిన సంగతి

ఈసారి గోడపత్రికకు పాట రాయమని అడిగినరు. నాకు పాట రాయస్తలేదు. జరిగిన సంగతి ఒకటి రాస్తున్నాను.

మాది నల్లమలలో ఒక చెంచు పెంట. చిన్నప్పుడు నా రెండు చెవులల్ల చీము కారేది. అమ్మ వేడి నూనె పోసేది. అట్ల పోయొద్దని మాకు తెల్వదు. చీము ఆగింది గానీ వినికిడి తగ్గింది. మా నాయిన తేనెకు పోతే ఈగల చప్పుడు విని చెట్టు చూపిస్తడు. నేను ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. ఆరో తరగతిలో బడికి వచ్చిన డాక్టరమ్మ పరీక్ష చేసి కాయితం రాసిచ్చింది. తర్వాత ఒక క్యాంపుల చెవి వెనుక పెట్టుకునే మిషన్ ఉచితంగా ఇచ్చినరు. 1981లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన అడిప్ పథకం కింద ఇట్లాంటివి ఇస్తరట. మొదటి రోజు అన్నం గంటప్పుడు ప్లేట్ల చప్పుడుకే భయపడ్డాను!

పోయిన దసరా సెలవులల్ల మిషన్ వానకు తడిసింది. బడికి వచ్చినంక కుయ్యిమని కూత పెట్టింది. తర్వాత అదీ బందయ్యింది. కొత్త సెల్లు వేసినా పలకలేదు. మిషన్ చెడిపోయిందని అనుకున్నాను. ప్రభుత్వం ఇచ్చిన వస్తువు పాడు చేసినవంటరని భయం. చదువు మానిపించి ఇంటికి పంపిస్తరేమోనని ఇంకా భయం. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఉత్త మిషనే చెవికి పెట్టుకొని రెండు నెలలు తిరిగిన. సార్లు అడిగితే పెదవులు చూసి తల ఊపిన. ఉక్తలేఖనం వనపర్తి దిక్కు తండా నుంచి వచ్చిన నా దోస్తు పలక చూసి రాసిన.

ఒక సాయంత్రం స్టడీ అవర్ల కరెంటు పోయింది. చీకట్ల పెదవులు ఎట్ల కనపడతయి? నా వెనుక వస్తున్న ఐదో తరగతి తమ్ముడు వరండా మెట్ల మీద పడి, "అన్నా, అన్నా" అని పిలిచిండట. నేను ముందుకే నడిచిపోయిన. కరెంటు వచ్చినంక చూస్తే వాని మోకాలు పగిలి రక్తం కారుతున్నది. "నీకు ఎంత గర్వంరా" అని అందరూ తిట్టినరు. అయినా వినబడలేదని చెప్పలేదు. చెవిటోడు అనిపించుకునుడు కంటే గర్విష్ఠి అనిపించుకునుడే నయం అనుకున్న. ఆ తమ్ముడు మూడు రోజులు నాతోని మాట్లాడలేదు.

నాలుగో రోజు ఓర్చుకోలేక మిషన్ తీసి వాని చేతిల పెట్టిన. "ఇది పలుకుతలేదు తమ్మీ" అన్న. వాడే కుంటుకుంట పోయి వార్డెన్ సారుకు చెప్పిండు. సారు కొట్టలేదు. "ముందుగాల ఎందుకు చెప్పలేదురా?" అని మాత్రం అడిగిండు. నన్ను పట్నం తీసుకపోయిండు.

అక్కడి అమ్మ చూసి నవ్వింది. మిషన్ మంచిగనే ఉన్నది! ట్యూబుల నీటి చుక్క, గుల్మి అడ్డం పడ్డయి. నేను పెరిగిన గనుక చెవి అచ్చు వదులైంది, కూత అందుకే. ఇక సెల్లులు. ఆరింటి స్టిక్కర్లూ నేను ఒక్కసారే పీకి పెట్టుకున్న. అవి గాలి తగిలితే పని చేసే జింక్ సెల్లులు. స్టిక్కర్ పీకినంక వాడినా వాడకున్నా కొద్ది వారాలల్ల అయిపోతయి. ఇంత చిన్న సంగతికి రెండు నెలల పాఠాలు పోగొట్టుకున్న.

మిత్రులారా, నేను నేర్చుకున్నవి ఇవి: అచ్చును మిషన్ నుంచి తీసి సబ్బు నీళ్లతో కడిగి, మంచిగ ఆరినంక పెట్టాలె. మిషన్‌కు నీళ్లు తగలొద్దు. రాత్రి సెల్లు డోరు తెరిచి పెట్టాలె. చెవి నొప్పి, చీము ఉంటే నూనె పోయకుండ డాక్టరుకు చూపాలె. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. అక్కడ వినికిడి పరీక్షలు చేస్తరు.

మీకొక విన్నపం. నాతో మాట్లాడేటప్పుడు అరవకండి, నా ముందుకు వచ్చి మాట్లాడండి. మీల ఎవరికైనా తక్కువ వినబడితే నా లెక్క దాచకండి.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ తమ్ముడే రబ్బరు బుడ్డితోని నా ట్యూబుల గాలి కొడుతడు. ఎండకాలం సెలవులల్ల నాయినతోని తేనెకు పోత. ఈగల చప్పుడు వినబడుతదో లేదో, వచ్చి చెప్త.

ఇట్లు
మీ చెంచు మిత్రుడు, 9వ తరగతి