లోచూపు

పిల్లలూ! చూపు లేని మనిషి బొమ్మలు వేయగలడా? వేయలేడని మీరు చటుక్కున అనవచ్చు. సత్యజిత్ రాయ్ 1972లో తీసిన ఇరవై నిమిషాల చిత్రం చూస్తే ఆ మాట అనరు. దాని పేరు 'ది ఇన్నర్ ఐ'. అంటే లోచూపు అన్నమాట.

వినోద్‌బిహారీ ముఖర్జీ అనే చిత్రకారుని కథ అది. ఆయన 1904లో పుట్టారు. పుట్టుకతోనే ఒక కన్ను కనిపించదు. రెండో కంటి చూపూ అంతంతమాత్రమే. అయినా శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద చిత్రకళ నేర్చి, అక్కడే ఉపాధ్యాయులయ్యారు. రాయ్ ఆయన శిష్యులే.

ఒక పెద్ద బొమ్మకు వస్తువు కోసం ఆయన దూరం పోలేదు. 1940లో కళాభవనం విద్యార్థుల వసతిగృహం పైకప్పు మీద చుట్టుపక్కల పల్లెబ్రతుకును చిత్రించారు. నడుమ చెరువు, చుట్టూ చెట్లు, పశువులు, పనిపాటలు చేసుకునే జనం.

1946-47లో హిందీభవనం గోడల మీద కబీరు, తులసీదాసు, అంధకవి సూరదాసు మొదలైన భక్తులను చిత్రించారు. ఈ పద్ధతిలో సున్నపు పూత తడిగా ఉండగానే రంగు వేయాలి. ఆరేటప్పుడు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి రాయిలా గట్టిపడి, రంగును తనలో పట్టి ఉంచుతుంది. ఇక చెరపడానికి వీలుండదు. అయినా ఆయన గోడంత నమూనా ముందుగా గీసుకోకుండానే అంత చిత్రమూ వేశారు!

1956 ప్రాంతంలో కంటికి శస్త్రచికిత్స జరిగాక, ఆ ఉన్న చూపూ పోయింది. చేయి మాత్రం ఆగలేదు. కాగితాలు కత్తిరించి అతికించారు. వేళ్లతో తడిమి చూసుకుంటూ గీతలు గీశారు. కళాభవనం గోడకు పింగాణీ పలకలతో పెద్ద చిత్రం కూర్చారు. అదెలా సాధ్యమయింది?

నేను బడిలో పనిచేసిన రోజుల్లో పిల్లలను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: "ఆవు చెవులు కొమ్ములకు ముందుంటాయా, వెనకనా?" ఇంట్లో పాడి ఉన్నవాళ్లు కూడా తడబడేవారు. రోజూ కళ్లబడేదంతా మనం చూసినట్టు కాదు. వినోద్‌బిహారీ తనకున్న కాస్త చూపుతోనే చెట్టు వంపునూ, మనిషి నడకనూ ఏళ్ల తరబడి శ్రద్ధగా చూసి మనసులో దాచుకున్నారు. కళ్లు పోయిననాడు ఆ దాచుకున్నది పోలేదు, వేళ్లలోకి వచ్చింది.

ఆయన 1980లో కన్నుమూశారు. ఆయన గోడచిత్రాలు శాంతినికేతనంలో ఉన్నాయి.

సాయంత్రం మీ వీధిలోకి ఆవు వస్తే బాగా చూడండి. తరువాత కళ్లు మూసుకుని, కాగితం మీద దాని తల గీయండి. ఎంతవరకు చూశారో మీకే తెలుస్తుంది.