ఇంటిపేరు లేని గుర్తు

ఒకే తరగతిలో ఇద్దరు రహీములు ఉన్నప్పుడు హాజరు పిలిచే ఉపాధ్యాయులు షేక్ రహీమ్ అనియు, సయ్యద్ రహీమ్ అనియు ఇంటిపేరు కలిపి పిలుస్తారు. ఇంత చిన్న సంగతిని మరచినందువల్ల గత సంవత్సరం మేము ఒక పెద్దమనిషికి తీరని మనస్తాపం కలిగించినాము. దానిని దాచక చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము నలుగురం చివరి సంవత్సరపు కంప్యూటర్ విద్యార్థులం. ఇద్దరం ఉర్దూ మాధ్యమం నుండి, ఇద్దరం తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారము. మా గ్రంథాలయపు పుస్తకాల వివరాలు ఎక్స్.ఎమ్.ఎల్. దస్త్రాలలో ఉన్నవి. 1998లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతిలో ప్రతి అంశానికి ముందు, వెనుక దాని పేరుతో ఒక గుర్తు ఉంటుంది. జావా భాషలో ప్రోగ్రాము వ్రాసి, ఈ దస్త్రాల నుండి ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క ఆబ్జెక్టును తయారుచేసి, బీరువాలు సరిచూచుటకు జాబితా ఇవ్వవలెను. ఇదియే మాకు అప్పగించిన పని.

గ్రంథాలయాలు వివరాలను పంచుకొనుటకు ఉపకరించే ఓ.ఎ.ఐ.-పి.ఎమ్.హెచ్. అను నియమావళి రెండవ రూపం 2002లో వచ్చినది. మా దస్త్రాలు దాని ప్రకారం ఉన్నవి. ప్రతి రికార్డులో పైన శీర్షభాగం. అందులో ఐడెంటిఫయర్ అను అంశం ఒకటి. అది రికార్డుకు గుర్తు. క్రింద పుస్తక వివరాలు డబ్లిన్ కోర్ అను పదునైదు అంశాల పద్ధతిలో ఉన్నవి. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డబ్లిన్ పట్టణంలో జరిగిన సమావేశం వల్ల దానికి ఆ పేరు వచ్చినది. అందులోను ఐడెంటిఫయర్ ఉన్నది. అది పుస్తకానికి గుర్తు. మా అక్సెషన్ నంబరును అక్కడనే వ్రాసినారు.

పేరు ఒకటే, ఇండ్లు వేరు. ఈ ఇంటిపేరునే నేమ్‌స్పేస్ అంటారు. 1999 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీనికి నియమాలు ప్రకటించినది. చూచుటకు అది వెబ్ చిరునామావలె ఉండును గాని, అక్కడ ఏ పుటయు ఉండనక్కరలేదు. అంశాల ముందు కనిపించే డి.సి. వంటి పొట్టి అక్షరాలు ముద్దుపేర్లు మాత్రమే. అవి దస్త్రానికొక తీరుగా మారవచ్చును. అసలు పేరు మారదు.

మొదట మేము జాక్స్‌బి అను సాధనాన్ని వాడినాము. ప్యాకేజీ మొత్తానికి ఓ.ఎ.ఐ. నేమ్‌స్పేసు ఒక్కటే వ్రాసి ఊరుకొన్నాము. ప్రోగ్రాము ఏ తప్పును చూపక నడిచినది. కాని ప్రతి పుస్తకం పేరు శూన్యం! తాను వెదకిన ఇంటిపేరుతో కనబడని అంశాలను ఆ సాధనం మౌనంగా విడిచిపెట్టినది. మేము విసుగు చెంది దస్త్రాలలోని నేమ్‌స్పేసులన్నింటిని చెరిపివేసి, ప్రతి రికార్డులో మొదట దొరికిన ఐడెంటిఫయరు చివరి అంకెలనే అక్సెషన్ నంబరుగా తీసుకొన్నాము. పుస్తకాల పేర్లు వచ్చినవి. సంతోషించి జాబితాను అచ్చువేసి ఇచ్చినాము.

తెలుగు పుస్తకాలను అక్సెషన్ వరుసలోనే ఎక్కించినందున వాటికి రెండు సంఖ్యలును ఒకటే. ఉర్దూ పుస్తకాలకు వేరే రిజిస్టరు ఉన్నది. వాటిని తరువాత ఎక్కించినారు. కావున 37వ నంబరు ఉర్దూ పుస్తకానికి మా జాబితాలో 412 పడినది. సంఖ్యలను పట్టి సరిచూచినవారికి ఆ నంబరుగల ఉర్దూ పుస్తకం బీరువాలో దొరకలేదు. ఇట్లే ఒకటి తరువాత ఒకటి ‘లేదు’ అని వ్రాయబడినవి. ఏండ్లుగా ఆ విభాగాన్ని కాపాడిన పెద్దాయన, మేమందరం చాచా అని పిలుచుకొనే ఆయన, కాగితం మీద పుస్తకాలు పోగొట్టినవారైనారు.

ఆయన వాదించలేదు. ఒక పుస్తకం తెచ్చి మా బల్లమీద పెట్టి, “బేటా, కితాబు ఇక్కడే ఉన్నది. మీ కాగితాన్నే అడిగి చూడండి” అన్నారు. మేము తల ఎత్తలేకపోయినాము.

ఆ రాత్రి పనిని మొదటినుండి ప్రారంభించినాము. శీర్షభాగానికి ఒక క్లాసు, డబ్లిన్ కోర్ వివరాలకు వేరొక క్లాసు వ్రాసినాము. మూడు నేమ్‌స్పేసులు ఉన్నవి: ఓ.ఎ.ఐ.ది ఒకటి, పుస్తక వివరాలను చుట్టియుండు పై పొరది ఒకటి, వివరాలది ఒకటి. ప్రతి అంశం ప్రక్కన దాని నేమ్‌స్పేసును స్పష్టంగా వ్రాసినాము. రెండు ఐడెంటిఫయర్లకు ఆబ్జెక్టులలో రెండు వేరు స్థానాలు ఇచ్చినాము. పుస్తకం పేరుగాని, నంబరుగాని శూన్యమైనచో ప్రోగ్రాము వెంటనే ఆగి చెప్పునట్లు చేసినాము. కొత్త జాబితాతో చాచా ప్రక్కన నిలిచి బీరువాలు మరల సరిచూచినాము. పోయినవని వ్రాసిన పుస్తకాలన్నియు వాటి స్థానాలలోనే ఉన్నవి. తప్పు మాదేనని కమిటీవారికి వ్రాతపూర్వకంగా తెలిపి, చాచాను క్షమాపణ కోరినాము. ఆయన నవ్వి మాకు చాయ్ తెప్పించినారు.

మా తరువాత వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కటే మనవి. ప్రోగ్రాము తప్పు చూపనంత మాత్రాన అది చెప్పినదంతా నిజం కాదు. పని తొందరలో ఇంటిపేర్లను చెరిపివేయకండి. ఆ పేర్ల వెనుక మనుషుల పరువు కూడా ఉండవచ్చును.